పొగబండిని బ్రతికించు చేతులు



నేడు నేను పొగబండిని గూర్చి మాటలాడ వచ్చితిని. కలకత్తా దారిలో పరుగులిడు పెద్దబండిని గూర్చి కాదు. నౌపడ నుండి పర్లాకిమిడికిని, అచ్చటి నుండి గుణుపురమునకును పోవుచుండిన చిన్నబండిని గూర్చి. టెక్కలి, పాతపట్నము ప్రాంతముల పెద్దలకు దానిని పరిచయము చేయ నక్కరలేదు. విజయనగరము వైపు వారికి మాత్రము ఒక మాట చెప్పవలెను. పెద్దలైనులో రెండు పట్టాల నడుమ దూరము 5 అడుగుల 6 అంగుళములు. ఈ చిన్నలైనులో 2 అడుగుల 6 అంగుళములే. గడపమీద కూర్చున్న పిల్లవాడు కాళ్లు చాపిన రెండవ పట్టా తగులునా యనునంత ఇరుకు దారి.

ఈ దారిని వేయించినవారు పర్లాకిమిడి మహారాజులు శ్రీ గౌరచంద్ర గజపతి నారాయణదేవుగారు. సముద్రతీరము వెంబడి పెద్దలైను వచ్చినపుడు అది పర్లాకిమిడిని తాకక నౌపడ మీదుగా పోయెను. సంస్థానపు ధాన్యమును, అడవి సరకును స్టేషనుకు చేర్చుటకు ఎడ్లబండ్లే గతి. కనుక రాజుగారు తమ ఖర్చుతో, సుమారు 7 లక్షల రూపాయల వ్యయమున, 25 మైళ్ల దారి వేయించిరి. 1900 సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన బండి నడక మొదలాయెను. తొలి సంవత్సరములలో నష్టమే. తరువాత లాభము కనబడగా, వారి కుమారులు శ్రీ కృష్ణచంద్ర గజపతిగారి కాలమున, 1931 నాటికి ఆ దారి వంశధార లోయ వెంబడి గుణుపురము చేరెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి అందులోనికి పోయెను, పాతపట్నము ఇవతల నిలిచెను. బండి మాత్రము రెండు ప్రక్కల జనమును ఎప్పటివలెనే మోయుచుండెను. పర్లాకిమిడిలో జీవితమున చాలభాగము గడపిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ యేటనే ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుని నేనీ గ్రాంథికమున స్మరించుట వారికి నచ్చెడిది కాదేమో!

1990 తరువాత కొలది యేండ్లకే ఈ దారిలో ఆవిరి యింజను పోయి డీజిలు ఇంజను వచ్చెను. 2004లో చిన్నబండియే నిలిచిపోయెను. పట్టాలు పెకలించి, కట్ట వెడల్పు చేసి, పెద్దలైను వేసిరి. 2010లో పర్లాకిమిడి వరకును, 2011లో గుణుపురము వరకును క్రొత్తబండి నడచెను. ఈ మార్పునకు నేను విచారించువాడను కాను. చిన్నబండి కాలమున ప్రతి బస్తాయు నౌపడలో ఒక బండి నుండి దింపి మరియొక బండి కెక్కింపవలసి యుండెడిది. రోగితో విశాఖపట్టణమునకు బయలుదేరినవాడు మూట, మంచము సహా అచ్చట దిగి పెద్దబండికై కాచుకొన వలసినదే. నేడు గుణుపురమున ఎక్కినవాడు బండి మారకయే విశాఖపట్టణమున దిగుచున్నాడు. వేగము లేదు, సౌకర్యము లేదు అని తిట్టుకొనుచు ప్రయాణము చేసిన దానిని, పోయిన పిమ్మట మాత్రము పొగడుట న్యాయము కాదు.

అయినను, పట్టాలతోపాటు మరియొక వస్తువు కూడ పోవుచున్నది. అదేమో తెలియవలెనన్న ఆవిరి యింజను పనిచేయు విధము కొంత చెప్పవలెను.

ఇంజనులో ముఖ్యమైనది బొయిలరు. అది ఇనుపరేకుతో చేసిన పెద్దకాగు. దాని వెనుకభాగమున పొయ్యి. పొయ్యిలోని మంటయు వేడిగాలియు కాగు నడుమ బారుగా అమర్చిన గొట్టములగుండ ముందునకు పోయి పొగగొట్టము చేరును. గొట్టముల చుట్టును నీరు. నీరు మరిగి ఆవిరియై, బయటికి దారి లేక బలము పుంజుకొనును. ఆ బలమును డ్రైవరు కొద్దికొద్దిగా సిలిండరులోనికి విడిచిన, అది లోపలి పిస్టనును ముందునకు వెనుకకు త్రోయును. పిస్టనునకు తగిలించిన ఇనుపకడ్డీలు చక్రములను త్రిప్పును. పని తీరిన ఆవిరి పొగగొట్టము గుండ పైకెగయుచు, పొయ్యిలోని పొగను తనతో లాగుకొని పోవును. పొగ పోయినచోటికి క్రిందనుండి క్రొత్తగాలి వచ్చి మంటను రేపును. కంసాలి తిత్తిని ఒకడు ఊదవలెను. ఈ యింజను నడచుచున్నంతసేపు తన తిత్తిని తానే ఊదుకొనును. మనము వినెడి ఛుక్‌ఛుక్ శబ్దము ఆ ఊపిరియే.

చెప్పుటకు ఇంతే. చేయుటకు వేరు. మన ఊళ్లలో బెల్లము వండుట చూచినవారికి ఈ భేదము సులభముగ బోధపడును. పెనము క్రింద చెఱకుపిప్పి వేయువాడు మంటను చూచి వేయడు. పెనములోని పాకమును చూచి వేయును. అట్లే ఫైర్‌మాను పొయ్యిని చూచి బొగ్గు వేయడు. ముందున్న దారిని తలచుకొని వేయును. ఎత్తు రాబోవుచున్నదన్న, రాకముందే మంట సిద్ధము కావలెను. ఎత్తున పడిన తరువాత బొగ్గు వేసిన, పచ్చి బొగ్గు మంటను చల్లార్చును, ఆవిరి పడిపోవును, బండి నిలిచిపోవును. బొగ్గు కుప్పగా పోయరాదు, పలుచగా అంతట పరచవలెను. చెడుబొగ్గు కరగి చిట్టెము కట్టి గాలిదారి మూయును. దానిని పొడవైన ఇనుపగరిటెతో లాగివేయవలెను. ఊగుచున్న బండిమీద నిలుచుండి, ఒక చేత పొయ్యి తలుపు తెఱచుచు, చేయవలసిన పని యిది.

నీటి సంగతి ఇంకను గట్టిది. పొయ్యి నెత్తిన ఎప్పుడును నీరు నిలిచియుండవలెను. నీరు తగ్గిన ఆ రేకు ఎఱ్ఱగా కాలి, ఆవిరి బలమునకు ఓర్వలేక చీలిపోవును. అప్పుడు ఇంజనుమీద నున్నవారి ప్రాణములకు దిక్కులేదు. నీటిమట్టమును చూపుటకు డ్రైవరు కన్నులయెదుట గాజుగొట్టముండును. అది చాలదని పొయ్యి నెత్తిన సీసము నింపిన బిరడా యొకటి బిగింతురు. నీరు తగ్గిన ఆ సీసము కరగి, పైనున్న ఆవిరి పొయ్యిలోనికి దూకి, ప్రమాదమును చాటును. ఇక నీటిలోని సున్నము. మన ఇండ్లలో వేడినీళ్ల కాగు లోపల తెల్లని పెచ్చు కట్టుట ఎఱుగుదుము గదా. బొయిలరు లోపలను అట్లే. పెచ్చు మందమైన వేడి నీటికి తగులదు, రేకు పాడగును. కనుక కొన్ని దినముల కొకమారు ఇంజనును చల్లార్చి, మూతలు విప్పి, బొయిలరును కడుగవలెను. చల్లారిన ఇంజనులో తిరిగి ఆవిరి పుట్టింపవలెనన్న కట్టెలు, నూనెగుడ్డలు అంటించి గంటలకొలది ఓపిక పట్టవలెను. ఉదయము కదలవలసిన బండికి నడిరాత్రినుండియే ఒకడు మేలుకొని యుండును.

ఈ విద్య గ్రంథములలో లేకపోలేదు. కాని గ్రంథము చదివి ఇంజను నడిపినవాడు లేడు. ముందుగా మసిగుడ్డ పట్టి ఇంజనును తుడుచువాడై, తరువాత బొగ్గు వేయువాడై, కొన్ని యేండ్లకు డ్రైవరు కావలెను. ఒకని చేతినుండి మరియొకని చేతికి అందవలసిన విద్య. మధ్య ఒక తరము తెగెనా, అతుకుట కష్టము.

మన చిన్నబండి వంటి బండ్లు సీమదేశముననుండెను. అందు వేల్సు ప్రాంతమున తలిత్లిన్ అను పేరుగల పలకరాతి గని రైలు ఒకటి. 1865 నాటిది, ఏడు మైళ్ల కొంచె మెక్కువ. గని మూతబడినను, దాని యజమానుడు హెన్రీ హైడెన్ జోన్సు దొర తాను బ్రతికినంతకాలము బండిని ఆపలేదు. 1950లో ఆయన గతించెను. పట్టాలు పచ్చికలో మునిగి, ఉన్న రెండు ఇంజనులలో ఒకటి మాత్రమే కదలు స్థితి. ఇనుమునకు అమ్ముకొన వలసినదే యని అందఱు తలచుచుండగా, రోల్ట్ అను రచయితయు ఆయన మిత్రులును ఆ సంవత్సరము అక్టోబరులో బర్మింగుహాము నగరమున సభ చేసి, ఒక సంఘముగా ఏర్పడి, 1951 మే నెలలో తామే బండిని నడిపిరి. ప్రపంచమున స్వచ్ఛందముగా జనులు కాపాడుకొన్న తొలి రైలుదారి అదే యందురు. అదే కొలత పట్టాలపై నడచిన వేరొక రైలు మూతబడగా, దాని రెండు ఇంజనులను ఒక్కొక్కటి 25 పౌనులకు కొనిరి. అవి నేటికిని ఆ దారిన నున్నవి.

మనకు మరింత దగ్గఱ సంబంధము గలది వేల్సులోనే వెల్షుపూలు–లాన్‌ఫెయిరు రైలు. దాని పట్టాల వెడల్పు సరిగా మన పర్లాకిమిడి బండిదే: 2 అడుగుల 6 అంగుళములు. 1903లో మొదలై, 1956లో మూతబడెను. ఔత్సాహికులు దానిని చేపట్టి 1963లో తిరిగి కొంతదూరము నడిపిరి. మరుసటి సంవత్సరమే వరద వచ్చి బాన్వీ నదిమీది వంతెన స్తంభమును పాడుచేసెను. సొమ్ము లేదు, ఆదాయము ఆగెను. సైన్యపు ఇంజనీర్ల సాయమున వంతెన నిలబెట్టి, క్రమముగా 1981 నాటికి వెల్షుపూలు పట్టణపు అంచు వరకు దారిని చేర్చిరి. ఇంజనులు చాలక, అదే కొలత పట్టాలుగల దేశములనుండి తెప్పించుకొనిరి. ఆఫ్రికాలోని సియెర్రా లియోను దేశపు ఇంజనొకటి 1975లో అచ్చటికి చేరెను. మన నౌపడ షెడ్డున నిలిచిన ఇంజను వంటిదే సముద్రములు దాటి పోయి అచ్చట బొగ్గు తినుచున్నదని ఊహింపుడు.

ఈ పని చేయువా రెవరు? బడిపంతుళ్లు, గుమాస్తాలు, పనినుండి విరమించిన మిస్త్రీలు, కళాశాల విద్యార్థులు. వారాంతములందు వచ్చి కొందఱు స్లీపర్లు మార్చుదురు, కొందఱు కంపలు నఱకుదురు, కొందఱు టిక్కెట్లు అమ్ముదురు. చందా కట్టి పనిచేయుట మనకు వింతగా తోచవచ్చును. కాని చెఱువు పూడిక తీయుటకు ఇంటికొకరు పలుగు పట్టుకొని పోయిన ఊళ్లవారమే గదా మనము. ఒక సంగతి మాత్రము మఱువరాదు. ఉత్సాహము గలవాడని యెవనిని ఇంజను ఎక్కనీయరు. నియమములు చదివి, పరీక్ష యిచ్చి, యేండ్ల తరబడి క్రింద పనిచేసిన తరువాతనే డ్రైవరగును. బొయిలరును తనిఖీదారు పరీక్షింపనిదే నిప్పు పెట్టరు. పదియేండ్లకొకమారు దానిని విప్పి గొట్టములన్నియు తీసి చూచుట వాడుక. అందులకగు వ్యయము సామాన్యము కాదు. టిక్కెట్ల సొమ్ము చాలక చందాలకు తిరుగుదురు.

మన దేశమున రైళ్లు ప్రభుత్వమువి గనుక ఆవిరి యింజనులను ఉద్యోగులే పోషించుచున్నారు. 1855 నాటి ఫెయిరీ క్వీను ఇంజనును బాగుచేసి, 1997 నుండి ఢిల్లీ–ఆళ్వారు దారిని యాత్రికులకై నడిపిరి. హర్యానాలోని రేవాడీ షెడ్డు ఆవిరి యింజనులకు నిలయము. నీలగిరి కొండబండి సంగతి నాకు మిక్కిలి ముఖ్యముగ తోచును. అచ్చట ఆవిరి ఎన్నడును పూర్తిగ ఆగలేదు. ఆగలేదు గనుకనే తిరుచిరాపల్లి చెంతనున్న పొన్మలై కర్మాగారపు పనివారు ఈ శతాబ్దమునను ఆ కొండదారికి క్రొత్త ఆవిరి యింజనులు కట్టగలిగిరి. మన వైపున ఆగినది.

నౌపడ–గుణుపురము దారిని మరల చిన్నపట్టాలు వేయుడని నేను కోరుటలేదు. అది జరుగునది కాదు. కాని లెక్క చూడుడు. ఆవిరి చివరి యేండ్లలో 30 ఏండ్ల ఫైర్‌మాను నేడు 60 దాటినవాడు. అప్పటికే డ్రైవరైనవాడు ఇంకను పెద్దవాడు. వారిలో కొందఱు మీ వీథులలోనే, మీ రచ్చబండల యొద్దనే కూర్చుందురు. పింఛను తెచ్చుకొనుచు, మనుమలకు పాతబండి కథలు చెప్పుచుందురు. కథలు సరే. పనిని అడుగువారు లేరు.

బడిలో చదువుకొను మనుమనిచేత ఒక పుస్తకము పట్టించుకొని వారియొద్దకు పొండు. ఇప్పుడు ప్రతి యింట నున్న చరవాణిలో మాటలను పట్టి యుంచుట ఇంకను సులభము. బండి ఎట్లుండెడిది అని అడుగకుడు. బాగుండెడిది అని మాత్రమే చెప్పుదురు. ఏ ఎత్తునకు ఎంతముందుగా బొగ్గు వేసితివి? వానకాలమున పట్టా జారిన ఇసుక ఎట్లు చల్లితివి? తడిబొగ్గు వచ్చిననాడు ఏమి చేసితివి? గాజుగొట్టము పగిలిన ఏ చక్రము ముందు త్రిప్పితివి? చేతులు కదలించి చూపుమనుడు. దారిపొడవున ఎచ్చటెచ్చట నీరు పట్టిరో, ఏ స్టేషను నీటికి పెచ్చు త్వరగా కట్టెడిదో, ఏ నూతినీరు బొయిలరుకు తియ్యనిదో అడుగుడు. ఆ నూతులలో కొన్ని నేటికిని నీరు నిలిచియున్నవి.