వార్తల్లో పదం: నిరామయ

వైకల్య నిర్ధారణకు పెట్టే సదరం శిబిరాలు, దివ్యాంగుల పింఛన్ల వార్తలు చదివేవారికి అప్పుడప్పుడూ తగిలే పేరు ‘నిరామయ’. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ అందించే ఆరోగ్య బీమా ఇది. కేంద్రం 1999 నాటి చట్టంతో ఏర్పాటుచేసిన సంస్థ ఈ ట్రస్ట్. బీమాలో లక్ష రూపాయల వరకు రక్షణ ఉంటుంది. నిరామయమంటే రోగం లేకపోవడం. బీమాకు ఆ పేరు పెట్టడం కాస్త చిత్రమే.

ఇందులో చేరడానికి ముందస్తు వైద్య పరీక్షలు అక్కర్లేదు, వయసు పట్టింపూ లేదు. ఆస్పత్రిలో చేరితేనే కాదు, ఓపీ వైద్యానికీ, మందులకూ, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీలకూ పరిమితుల మేరకు డబ్బిస్తారు. పళ్ల సంరక్షణా ఉంది. ఇది చిన్న సంగతి కాదు. మాట రాని పిల్లాడు రాత్రంతా చెంప బాదుకుంటుంటే ‘వాడి తీరే అంత’ అనేస్తారు. నోరు తెరిపించి టార్చి వేస్తే కనిపించేది పుచ్చిన దవడ పన్ను!

ఖర్చు ముందు మనమే పెట్టుకుని, బిల్లులు పంపి రాబట్టుకోవాలి. రెంటచింతల నుంచి నరసరావుపేటకో గుంటూరుకో వెళ్లొచ్చే అమ్మానాన్నలు మందుల చీటీ సహా ప్రతి కాగితం దాచుకోవాల్సిందే. చేరడానికి వైకల్య ధ్రువపత్రం తప్పనిసరి.

డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు మాత్రమే ఉంటే నిరామయ వర్తించదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అవి మేధో వైకల్యం నుంచి వేరుగా లెక్కకొస్తాయి. ఇంగ్లిష్ పేరుతోనూ తికమక రావచ్చు: బ్రిటన్‌లో ‘లెర్నింగ్ డిసెబిలిటీ’ అంటే మేధో వైకల్యమే. ఇక్కడ ఆ మాట వింటే గుర్తొచ్చేది డిస్లెక్సియా.