చైనా 'హెయ్ చా': ఏళ్ళు గడిచేకొద్దీ ధర పెరిగే ఈ టీ రుచి ఎలా ఉంటుంది? ముదురాకు టీతో ముప్పేమిటి?

టీపొడి ఎంత తాజాగా ఉంటే టీ అంత బాగుంటుందని మనం భావిస్తాం. పొట్లం విప్పి నెలలు గడిస్తే పొడిలో వాసన తగ్గిపోతుంది. అయితే చైనాలో ఒక రకం టీ విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు భద్రంగా నిల్వ ఉంచిన టీ బిళ్ళను కొత్తదానికంటే ఎక్కువ ధర పెట్టి కొంటారు. చైనీయులు దానిని 'హెయ్ చా' అంటారు. ఆ మాటకు అర్థం నల్ల టీ.

ఇక్కడ పేరుతో చిన్న చిక్కు ఉంది. మనం బ్లాక్ టీ అని పిలిచే అస్సాం టీ వంటి వాటిని చైనీయులు 'హోంగ్ చా', అంటే ఎర్ర టీ అంటారు. కప్పులో కనిపించే రంగును బట్టి వచ్చిన పేరది. వారు టీలను ఆరు వర్గాలుగా విభజిస్తారు. ఆకుపచ్చ, తెలుపు, పసుపు, ఊలాంగ్, ఎర్ర టీల సరసన హెయ్ చా ఒక ప్రత్యేక వర్గం. యున్నాన్ రాష్ట్రపు పు అర్, హునాన్‌లోని అన్హువా ఇటుక టీ, గ్వాంగ్షీ ప్రాంతపు లియు బావో, సిచువాన్ నుంచి టిబెట్‌కు వెళ్ళే టీ ఈ కోవలోనివే.

పులియబెట్టినా పులుపు ఉండదు

మన తేయాకు కర్మాగారాలలోనూ 'ఫర్మెంటేషన్' అనే మాట వినిపిస్తుంది. నిజానికి అక్కడ జరిగేది పులియడం కాదు. కోసిన వంకాయ ముక్కను గాలికి వదిలితే నల్లబడినట్లే, నలిపిన తేయాకులోని ఎంజైములు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆకు రంగును, రుచిని మారుస్తాయి. కొన్ని గంటలలో ఆ పని ముగుస్తుంది.

హెయ్ చా తయారీలో ముందుగా ఆకును వేడి పెనంలో వేయించి ఆ ఎంజైముల పనిని చాలావరకు ఆపివేస్తారు. ఆ తరువాత రంగంలోకి దిగేవి సూక్ష్మజీవులు. ఇడ్లీ పిండిని రాత్రికి రాత్రి పొంగించే జీవుల వంటివే బూజులు, ఈస్టులు, బ్యాక్టీరియా ఆకుపై పెరుగుతూ వారాలు, నెలలు, ఒక్కోసారి దశాబ్దాల పాటు దానిని మారుస్తూ ఉంటాయి. నోటిని బిగదీసే వగరు పదార్థాలు క్రమంగా తగ్గి, ముదురు గోధుమ రంగు పదార్థాలు పెరుగుతాయి. ఇంత జరిగినా టీ పుల్లబడదు.

పు అర్‌లో రెండు రకాలున్నాయి. ఎండలో ఆరబెట్టిన ఆకును ఆవిరిపై మెత్తబరచి, బిళ్ళలుగా అదిమి, ఏళ్ళ తరబడి దానంతట దానినే మారనివ్వడం పచ్చి పు అర్ పద్ధతి. బిళ్ళ సాధారణంగా 357 గ్రాములు ఉంటుంది. ఏడు బిళ్ళలు కలిపి కట్టితే సుమారు రెండున్నర కిలోలు. అన్ని సంవత్సరాలు వేచి ఉండలేని మార్కెట్ కోసం 1973లో యున్నాన్ రాజధాని కున్మింగ్‌లోని టీ కర్మాగారం మరో పద్ధతిని రూపొందించింది. ఆకును కుప్పలుగా పోసి, నీళ్ళు చల్లి, గుడ్డ కప్పి, మధ్యమధ్య తిరగవేస్తారు. పెంటపోగులో పుట్టినట్లే కుప్ప లోపల వేడి పుడుతుంది. దాదాపు నెలన్నర, రెండు నెలల్లో ఆకు నల్లబడి పండిన పు అర్ సిద్ధమవుతుంది.

హునాన్‌లో చేసే 'ఫూ' ఇటుక టీ కథ వేరు. ఆ ఇటుకను విరిస్తే లోపల గసగసాలంత పసుపు చుక్కలు కనిపిస్తాయి. తెలియనివారు పాడైందనుకుంటారు. తెలిసినవారు వాటి కోసమే వెతుకుతారు. అది మేలుజాతి బూజు. చైనీయులు దానిని బంగారు పూలు అంటారు.

తాగితే ఎలా ఉంటుంది?

ఈ టీలో సాధారణంగా పాలు, చక్కెర వేయరు. చిన్న కుండీలో ఐదారు గ్రాముల ఆకు వేసి, సలసల కాగిన నీరు పోసి, మొదటి నీటిని పారబోస్తారు. ఆకుపై దుమ్ము పోయి, బిళ్ళ విచ్చుకోవడానికే ఈ కడుగు. తరువాత కొన్ని సెకన్ల చొప్పున నానబెట్టి వంచుకుంటారు. మంచి ఆకు పది సార్లయినా రుచినిస్తుంది.

పండిన పు అర్ చూడటానికి కాఫీ డికాక్షన్‌లా చిక్కగా, నల్లగా ఉంటుంది. తొలకరికి తడిసిన నేల, చాలాకాలం తరువాత తెరిచిన చెక్కపెట్టె, అడవిలో రాలి నానిన ఆకులు దాని వాసనలో గుర్తుకొస్తాయి. కంటికి గాఢంగా కనిపించినా నాలుకకు చేదు, వగరు దాదాపు తగలవు. గంజిలా మెత్తగా గొంతు దిగుతుంది. కుప్ప సరిగా మాగకపోతే మాత్రం చేపల వాసన వస్తుంది. కొత్తగా తాగేవారు చాలామంది అక్కడే వెనుదిరుగుతారు.

పచ్చి పు అర్ లేత వయసులో చేదుగా, కరకరగా ఉంటుంది. ఆ చేదు తగ్గాక గొంతులో మెల్లగా తీపి ఊరుతుంది. దీనికి చైనీయులు ప్రత్యేకంగా 'హుయ్ గాన్' అని పేరు పెట్టారు. మనకు ఇది కొత్త అనుభవం కాదు. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగినవారికి ఆ తీపి తెలుసు.

గుర్రాల బాట నుంచి వేలం పాట వరకు

ఈ టీ పుట్టుక విలాసం కోసం కాదు. ఎత్తయిన టిబెట్ పీఠభూమిలో కూరగాయలు తక్కువ. మాంసం, వెన్న, బార్లీ పిండి తినే ప్రజలకు టీ నిత్యావసరమైంది. చైనా పాలకులకు యుద్ధాశ్వాలు కావాలి. సోంగ్ వంశ కాలంలో ఈ రెండు అవసరాలూ కలిసి టీకి గుర్రాల మార్పిడి వ్యవస్థగా స్థిరపడ్డాయి. సిచువాన్, యున్నాన్‌ల నుంచి లాసాకు సాగిన దారులలో కంచరగాడిదలు, కూలీలు నెలల తరబడి టీ మోశారు. దూరప్రయాణానికి వీలుగా ఆకును ఇటుకలుగా అదిమేవారు.

ఆ కూలీల సరుకే మన కాలంలో మదుపు వస్తువుగా మారింది. 2007లో పు అర్ ధరలు విపరీతంగా పెరిగి, అదే ఏడాది కుప్పకూలాయి. ఎందరో రైతులు, వ్యాపారులు నష్టపోయారు. మరుసటి ఏడాది, నిర్ణీత యున్నాన్ ప్రాంతాలలో అక్కడి పెద్దాకు రకంతో చేసినదానినే పు అర్ అనాలని చైనా ప్రమాణం నిర్దేశించింది. యున్నాన్‌లోని జింగ్‌మాయ్ పర్వతపు పురాతన తేయాకు వనాలకు 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది.

ముదురాకులో ఫ్లోరైడ్

ధనికులు పాత టీ కోసం పోటీపడుతుంటే, పేదల ఇటుక టీ మరో సమస్యను మోస్తోంది. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకుని ఆకులలో నిల్వ చేస్తుంది. ఆకు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. పీఠభూమికి పంపే చవక ఇటుకలను ముదురాకులు, కాడలతోనే చేస్తారు. ఆ టీని చాలాసేపు మరిగించి, వెన్న, ఉప్పు కలిపి రోజంతా తాగుతారు. దీనివల్ల టిబెట్ తదితర ప్రాంతాలలో పళ్ళపై మచ్చలు, కీళ్ళ నొప్పులు, ఎముకల వైకల్యం కనిపించాయి. ఇటుక టీ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను చైనా వైద్యులు ఒక ప్రత్యేక రకంగా గుర్తించారు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల ప్రజలకు ఈ లక్షణాలు కొత్త కాదు. ఇక్కడ ఫ్లోరైడ్ భూగర్భ జలాల నుంచి వచ్చింది, అక్కడ టీ నుంచి వస్తోంది. తాగక తప్పనిదే విషమైన తీరు మాత్రం రెండు చోట్లా ఒక్కటే. 2005లో చైనా ఇటుక టీలో ఫ్లోరైడ్ కిలోకు 300 మిల్లీగ్రాములు మించరాదని పరిమితి విధించింది. లేత ఆకులు వాడితే ఫ్లోరైడ్ తగ్గుతుంది, కాని ధర పెరుగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

అప్పుడప్పుడు రెండు మూడు చిన్న కప్పులు తాగేవారు దీనికి భయపడనక్కరలేదు. అయితే ఈ టీ బరువు తగ్గిస్తుందని, కొవ్వు కరిగిస్తుందని చెప్పే ప్రకటనలను మందు చీటీలా నమ్మకూడదు. ఇందులోనూ కెఫీన్ ఉంటుంది. కొనేటప్పుడు బిళ్ళ వయసుతో పాటు ఆకు లేతదా, ముదురుదా అని కూడా చూడాలి. ముక్కవాసన వచ్చినా, ఫూ ఇటుకలోని పసుపు చుక్కలు కాక వేరే బూజు కనిపించినా పక్కన పెట్టాలి. టీ పాతబడినంత మాత్రాన మంచిదైపోదు. ఎలాంటి ఆకుతో మొదలైందో, ఎలా దాచారో అన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది.