కృష్ణా ముఖద్వారమున విద్యార్థుల విజ్ఞానయాత్ర

విజ్ఞానయాత్ర అనగానే హైదరాబాదో చెన్నపట్టణమో స్ఫురించుట మన పాఠశాలలకు పరిపాటి. దూరము పెరిగినకొలది విజ్ఞానము పెరుగునని పెద్దల నమ్మకము కాబోలు! బందరు, గుడివాడ, దివిసీమల పిల్లలకు ఉదయము బయలుదేరి చీకటిపడు వేళకు ఇల్లు చేరగల దూరములోనే రెండువేల యేండ్ల చరిత్ర పరచుకొని యున్నది. నేలయు సముద్రమును ఒకదానితో నొకటి ఎట్లు మెలగినవో చెప్పు చరిత్ర యది. యాత్రకు దీనినే సూత్రముగా గైకొనవలెనని మా సూచన.

మొదట ఘంటసాల. క్రీ.శ. 2వ శతాబ్దమున గ్రీకు భూగోళజ్ఞుడు టోలెమీ పేర్కొన్న కొంటకోస్సిల రేవు ఇదియేనని చరిత్రకారుల అభిప్రాయము. ఇచట బౌద్ధస్తూపము బయల్పడినది. ఊరి నడుమ నిలిచి “సముద్రమేది?” అని పిల్లల నడుగవలెను. చుట్టును వరిచేలే. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు నేలను ముందునకు పెంచుకొనిపోగా రేవు పల్లెయైనది. గుడివాడలోను స్తూపముండెను, దాని ఇటుకలను 19వ శతాబ్దమున బాట వేయుటకు తరలించిరి. అచట చూడదగినది స్వల్పము.

బందరున ఆంగ్లేయులు 1611లో వర్తకస్థానము నెలకొల్పిరి. డచ్చివారి సమాధులు బందరులో నేటికిని ఉన్నవి. వారిని రప్పించిన అద్దకపు బట్టను పెడనలో చూడవచ్చును. ఇచట తొందరపడరాదు. గుడ్డను కరక్కాయ రసములోను గేదెపాలలోను తడిపి ఆరవేయుదురు. ఇనుపముక్కలు, బెల్లము నానవేసిన కసింకారమును చెక్క అచ్చుతో అద్దగనే నలుపు తేలును. కరక్కాయలోని వగరుపదార్థము ఇనుముతో కలియుటయే దీనికి కారణము. పటిక అద్దినచోట ఎరుపు పట్టుటకు మాత్రము వేళ్ళ రంగులో ఉడుకవలెను. రసాయనశాస్త్ర పుస్తకమున పది పుటలు చదివినను ఇంత తేటగా బోధపడదు.

ఈ రేవుపట్టణమునే 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముంచెత్తినది. సుమారు 30,000 మంది మరణించిరి. ఆ సంగతి చెప్పి, పిల్లలను దివిసీమకు తీసికొనిపోవలెను.

పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలగును. వాటి నడుమనున్నది దివిసీమ. 1977 నవంబరు 19న సముద్రము మరల పైబడి పదివేలకు మించిన ప్రాణములను హరించినది. నీరు ఎంతయెత్తున వచ్చినదో గోడపై చేతితో చూపగల వృద్ధులు ఈ పల్లెలలో ఇంకను ఉన్నారు, ఏటేట తరిగిపోవుచున్నారు. పిల్లలు వారి యెదుట కూర్చుండి వినవలెను, వ్రాసికొనవలెను. పిదప నాగాయలంక వైపు మడ అడవులను చూపవలెను. బురదలో గాలియాడదు గనుక మడచెట్ల వేళ్ళు పైకి పొడుచుకొని వచ్చి ఊపిరి పీల్చును. ఆ వేళ్ళే ఒండ్రును పట్టియుంచి అలల ఉరవడిని తగ్గించును. వృద్ధుల మాట విన్న పిల్లవానికి ఈ చెట్లు వట్టి పొదలుగా కనిపించవు.

ఇవన్నియు ఒక్కదినమున చుట్టివచ్చుట బస్సుకే గాని పిల్లలకు ప్రయోజనము కాదు. రెండు దినములుగా విభజించుట మేలు. తుపానుల కార్తికము దాటిన పిమ్మట, సంక్రాంతి తరువాత బయలుదేరవలెను. అభయారణ్యమునకు అటవీశాఖ అనుమతి ముందుగా పొందవలెను. హంసలదీవి సాగరసంగమమున మాత్రము ఎంత బ్రతిమాలినను ఎవ్వరిని నీట దిగనీయరాదు.