గీజర్ నీళ్లు హాయిగానే ఉంటాయి.. మరి చర్మం సంగతి? వేడి ఎంత దాటితే ముప్పో తెలుసా?

చలికాలం మొదలైందంటే చాలు.. పొద్దున్నే ఇంట్లో ముందుగా పడేది గీజర్ స్విచ్చే. గీజర్ లేని ఇంట్లో బకెట్లో హీటర్ రాడ్, పల్లెల్లో అయితే పెరట్లో పొయ్యి మీద కాగు. ఆదిలాబాద్ ఏజెన్సీలోనో, లంబసింగిలోనో ఉండేవాళ్ల దగ్గరైతే చన్నీళ్ల స్నానం మాటెత్తడానికే లేదు. ఒళ్లు చుర్రుమనేంత వేడినీళ్లు నాలుగు చెంబులు పడితే గానీ స్నానం చేసినట్టు ఉండదనే వాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వారం తిరిగేసరికి అదే ఇంట్లో కాళ్ల మీద తెల్లటి పొట్టు, గోకితే గీతలు, రాత్రి పడుకోగానే దురద. తప్పంతా చలి మీదకు తోసేస్తారు. చలి పాత్ర ఉన్న మాట నిజమే కానీ, బకెట్లో నీళ్ల పాత్ర కూడా తక్కువేం కాదు.

అసలు నీళ్లు పోసుకుంటే చర్మం తడవాలి గానీ ఎండిపోవడం ఏంటి? చర్మం పైపొర కాగితం కంటే పలచగా ఉంటుంది. అందులో ఎండిన కణాలు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు అనే కొవ్వు పదార్థాలు సిమెంట్‌లా పట్టి ఉంచుతాయి. ఒంట్లో తేమ బయటికి పోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా ఆపేది ఈ గోడే. వేడి దీన్ని ఏం చేస్తుందో తెలియాలంటే వంటింట్లో నెయ్యి గిన్నె చూస్తే చాలు. చన్నీళ్లతో ఎంత తోమినా జిడ్డు వదలదు. వేడినీళ్లు పోస్తే జారిపోతుంది. చర్మంలోని కొవ్వు నెయ్యిలా ఒక్కసారే కరిగిపోదు కానీ, వేడికి వదులవుతుంది. దాని మీద సబ్బు కూడా పడితే కొంత కొట్టుకుపోతుంది. గోడకు సందులు పడ్డాక లోపలి తేమ ఆవిరైపోతుంటుంది. ఒళ్లు తుడుచుకున్న పది నిమిషాలకే చర్మం బిగుసుకుపోయినట్టు అనిపించేది అందుకే.

స్పెయిన్ పరిశోధకులు 2022లో ప్రచురించిన ఓ అధ్యయనంలో 50 మంది ఆరోగ్యవంతుల చేతులను వేడినీళ్లలో, చన్నీళ్లలో ఉంచి, ఆ తర్వాత చర్మం నుంచి ఎంత తేమ ఆవిరవుతోందో కొలిచారు. చన్నీళ్ల తర్వాత కూడా తేమ నష్టం కొంత పెరిగింది. వేడినీళ్ల తర్వాత అయితే రెట్టింపు దాటింది. చర్మం ఎర్రబడింది కూడా. ఆరోగ్యంగా ఉన్న చర్మం పరిస్థితే ఇదైతే, ఇప్పటికే ఎగ్జిమా, సోరియాసిస్ లాంటివి ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. వాళ్లను వేడినీళ్లు ఇంకో రకంగా కూడా మోసం చేస్తాయి. దురద పెడుతున్న చోట వేడినీళ్లు పోస్తే ఆ క్షణానికి ఎక్కడలేని హాయి. గంట తిరక్కుండానే దురద ఇంకా ఎక్కువవుతుంది. దాంతో మళ్లీ వేడినీళ్లు.

గోరువెచ్చన అంటే ఎన్ని డిగ్రీలు?

డాక్టర్లు ఎప్పుడూ చెప్పే మాట 'గోరువెచ్చని నీళ్లు'. కానీ ఒకరి గోరువెచ్చన ఇంకొకరికి సలసల. మన చర్మం పైభాగం మామూలుగా 32 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అంటే 36, 37 డిగ్రీల నీళ్లే వెచ్చగా తగలాలి. స్నానానికి ఆ మాత్రం చాలు. 40 దాటాయంటే చర్మానికి అది హాయి కాదు, పరీక్ష.

ఇంట్లో కొలిచేదెలా అంటారా? చిన్న లెక్క ఉంది. గీజర్లో నీళ్లు 60 డిగ్రీల దగ్గర, కుళాయి నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. 2 మగ్గుల వేడినీళ్లకు 3 మగ్గుల చన్నీళ్లు కలిపితే 36 డిగ్రీలకు వస్తాయి. చాలామంది సగం సగం కలుపుతారు.. అది 40 డిగ్రీలు. ఇక పొగలను చూసి అంచనా వేయడం అస్సలు కుదరదు. బాగా చలిగా ఉన్న రోజు 40 డిగ్రీల నీళ్ల మీద కూడా పొగ కనిపిస్తుంది. జ్వరం చూసే థర్మామీటర్‌ను బకెట్లో ముంచితే లాభం లేదు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నీళ్ల వేడి చూసే థర్మామీటర్లు విడిగా దొరుకుతాయి.

చెయ్యి పెట్టి చూశాం కదా అంటారు. ఆ చెయ్యినే నమ్మకూడదు. బయట చలిలోంచి వచ్చిన చేతికి మామూలు వెచ్చని నీళ్లు కూడా కాలుతున్నట్టు అనిపిస్తాయి. స్నానం మొదలుపెట్టి కొన్ని నిమిషాలయ్యాక అంతే వేడి నీళ్లు చల్లారినట్టు అనిపిస్తాయి. చర్మం ఆ వేడికి అలవాటు పడిందంతే. షవర్ కింద నిలబడి నాలుగు నిమిషాలకోసారి వేడి కుళాయి ఇంకాస్త తిప్పేది ఇందుకే. మొదట 38 డిగ్రీలతో మొదలైన స్నానం 43తో ముగుస్తుంది, మనిషికి ఆ తేడా తెలియదు. పది నిమిషాల్లో స్నానం ముగించమని చర్మ వైద్యులు చెప్పేది ఊరికే కాదు.

సెకన్ల లెక్క..

పొడిబారడం వరకు సరే, దానికి నూనో క్రీమో ఉంది. అసలు భయం కాలడం. నీళ్లు మరగాల్సిన పని లేదు. 49 డిగ్రీల నీళ్లలో పెద్దవాళ్ల చర్మం తీవ్రంగా కాలడానికి దాదాపు 5 నిమిషాలు పడుతుంది. 54 డిగ్రీల దగ్గర అర నిమిషం చాలు. 60 డిగ్రీలకు 5 సెకన్లే. 70 డిగ్రీలైతే తగలగానే కాలుతుంది. చాలా గీజర్లు నాబ్ చివరిదాకా తిప్పితే 60 దాటి వేడెక్కుతాయి. చిన్నపిల్లల చర్మం పలచన కాబట్టి వాళ్ల విషయంలో ఈ సమయాలు ఇంకా తగ్గిపోతాయి.

పసిపిల్లల స్నానం మన ఇళ్లలో పెద్ద కార్యక్రమం. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో పోస్తుంది. ఆ చేతుల నేర్పును ఎవరూ కాదనలేరు. చిక్కల్లా ఆ అరచేతులతోనే. ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర, అంట్ల దగ్గర పనిచేసి మొద్దుబారిన చేతికి 'బాగానే ఉన్నాయి' అనిపించిన నీళ్లు బిడ్డకు బాగా ఎక్కువ కావొచ్చు. అందుకే అరచెయ్యి కాకుండా మోచెయ్యి ముంచి చూడాలి. అక్కడ చర్మం పలచన. వేడిగా, చల్లగా కాకుండా మామూలుగా అనిపిస్తే సరే. పసివాళ్లకు 37, 38 డిగ్రీలకు మించకూడదు. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలూ స్నానమే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీళ్ల వేడి ఎంత సరిగ్గా ఉన్నా, తడి ఒంటితో బిడ్డ త్వరగా చల్లబడిపోతుంది.

ఇంకో ప్రమాదం బకెట్‌తో. ముందు వేడినీళ్లు పట్టి, బాత్‌రూమ్ తలుపు తీసి ఉంచి, తువ్వాలు కోసమో ఫోన్ మోగిందనో పక్కకు వెళ్తారు. పాకే బిడ్డ, తప్పటడుగులు వేసే బిడ్డ అటే వస్తుంది. దీనికి ఖర్చులేని పరిష్కారం ఒక్కటే.. ఎప్పుడూ చన్నీళ్లు ముందు పట్టాలి, వేడినీళ్లు తర్వాత కలపాలి. మధ్యలో ఎంత అర్జెంటు పని పడినా బకెట్లో ఉన్నది చన్నీళ్లే. అలాగని నీళ్లున్న బకెట్ దగ్గర పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. అవి చన్నీళ్లయినా ప్రమాదమే.

హీటర్ రాడ్ వాడే ఇళ్లలో మరో సంగతి ఉంది. రాడ్ చుట్టూ, దాని పైన ఉన్న నీళ్లే బాగా కాగుతాయి, అడుగున నీళ్లు చల్లగానే ఉంటాయి. కలపకుండా మొదటి మగ్గు ముంచి నెత్తిన పోసుకుంటే అది బకెట్ మొత్తంలో అత్యంత వేడి మగ్గు. కలపాలి.. కానీ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయటికి తీశాకే. కరెంట్ ఉండగా నీళ్లలో వేలు పెట్టి చూసే అలవాటు ప్రాణాల మీదకు తెస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు కాళ్లు వేడినీళ్లలో పెడుతున్నారా?

వేడినీళ్ల విషయంలో అందరికంటే జాగ్రత్తగా ఉండాల్సింది వీళ్లే. షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. కాలుతున్నా తెలియదు. సాయంత్రం కాళ్లు లాగుతున్నాయని టబ్బులో వేడినీళ్లు, గుప్పెడు ఉప్పు వేసుకుని టీవీ ముందు కూర్చుంటారు. నొప్పి తెలియదు కాబట్టి కాళ్లు తీయరు. పొద్దున లేచేసరికి బొబ్బలు. షుగర్ వల్ల రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే ఆ పుండు ఓ పట్టాన మానదు. చివరకు వేలో, పాదమో తీసేయాల్సి వచ్చే కేసుల్లో కొన్ని ఇలా చిన్న బొబ్బతో మొదలైనవే. వీళ్లు కాళ్లు కడుక్కునే నీళ్లు 32 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే చాలు. వేడి చూడాల్సింది పాదంతో కాదు, మోచేత్తో. లేదా ఇంట్లో ఇంకొకరు చూడాలి. నానబెట్టడం మానేసి, కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడుచుకోవడం మేలు. ముసలివాళ్లకూ దాదాపు ఇదే వర్తిస్తుంది. చర్మం పలచబడి, నూనె గ్రంథులు మందగించి ఉంటాయి. వేడి తగిలినా గబుక్కున పక్కకు జరగలేరు.

చేతులు కడుక్కోవడానికి మాత్రం వేడినీళ్ల అవసరమే లేదు. వేడినీళ్లకైతేనే క్రిములు పోతాయని చాలామంది నమ్మకం. చెయ్యి తట్టుకునే వేడికి క్రిములు చావవు. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2017లో 15, 26, 38 డిగ్రీల నీళ్లతో చేతులు కడిగించి చూశారు. బ్యాక్టీరియా పోవడంలో తేడా కనిపించలేదు. పని చేసేది సబ్బు, రుద్దడం. రోజూ మూడు పూటలా అంట్లు తోమే ఆడవాళ్ల చేతులు పగిలి మండటానికి మాత్రం సబ్బుతో పాటు వేడినీళ్లు కూడా కారణమవుతాయి. జిడ్డు గిన్నెలకు వేడినీళ్లు కావాల్సిందే అనుకుంటే చేతికి గ్లవుజులు వేసుకోవడమే దారి.

బోరు నీళ్ల ఇళ్లలో ఇబ్బంది ఇంకొంచెం ఎక్కువ. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నురగ రానివ్వవు, తెల్లటి తెట్టులా చర్మానికి అంటుకుంటాయి. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు, అది పోవడానికి ఇంకాస్త వేడినీళ్లు. చంకలు, గజ్జలు, పాదాలకు సబ్బు రాసుకుని, మిగతా ఒంటికి ఉత్త నీళ్లతో సరిపెట్టినా చలికాలంలో వచ్చే నష్టం ఏమీ లేదు.

అలాగని చన్నీళ్లే మంచివా? కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం చేస్తారు. చర్మంలోని నూనె పోవడం వరకు చూస్తే వేడినీళ్ల కంటే అదే నయం. అయితే చన్నీళ్లు తగలగానే ఒళ్లంతా దద్దుర్లు లేచేవాళ్లున్నారు. కోల్డ్ అర్టికేరియా అంటారు. వాళ్లు ఒక్కసారిగా చెరువులోనో నదిలోనో మునిగితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. చలికి వేళ్లు తెల్లగా పాలిపోయేవాళ్లు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మంచు నీళ్ల జోలికి వెళ్లకూడదు.

భోగి నాటి తలంటునే చూడండి. ముందు ఒంటికి నువ్వుల నూనె, తర్వాత సున్నిపిండి, తలకు కుంకుడు రసం. వేడినీళ్లు పడకముందే నూనె పట్టించడం చర్మానికి ఓ తొడుగు వేసినట్టే. ఆ తొడుగు ఉంది కదా అని మరిగే నీళ్లు పోసుకోవడం, చర్మం ఎర్రబడేదాకా సున్నిపిండితో రుద్దడం చేస్తేనే మొదటికి మోసం. మామూలు రోజుల్లో అంత తీరిక ఉండదు కాబట్టి, స్నానం కాగానే తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి మీద కాస్త తడి ఉండగానే కొబ్బరినూనో, వాజలీనో, మాయిశ్చరైజరో రాసుకోవాలి. మూడు నిమిషాల్లోపు అయితే మంచిది. పూర్తిగా ఆరిపోయాక రాస్తే అంత ఫలితం ఉండదు, ఎందుకంటే ఆపాల్సిన తేమ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

పొరపాటున వేడినీళ్లు పడి కాలితే.. వెంటనే ఆ చోటును కుళాయి కింద పెట్టి, మామూలు చన్నీళ్లు 20 నిమిషాల పాటు ధారగా పోయనివ్వాలి. రెండు నిమిషాలు పెట్టి తీసేస్తే సరిపోదు. ఉంగరాలు, గాజులు, తడిసిన బట్టలు ఉంటే వాపు రాకముందే తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను మాత్రం లాగొద్దు. ఐస్ పెట్టొద్దు. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, పిండి ఏదీ పూయొద్దు. బొబ్బలు చిదమొద్దు. కాలింది చిన్నపిల్లలకైనా, ముసలివాళ్లకైనా, షుగర్ ఉన్నవాళ్లకైనా.. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాల దగ్గరైనా.. ఎవరికి కాలిందో వాళ్ల అరచెయ్యి కంటే పెద్ద మేర ఉన్నా, శుభ్రమైన పలచటి బట్ట కప్పి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.