ఇల్లు కాలిన రైతునకు భీమా సొమ్ము చేరు విధము

ఎండలు ముదిరి వడగాలులు వీచు దినములలో మన పల్లెలయందు అగ్నిభయము హెచ్చుగ నుండును. ఇంటి ప్రక్కనే గడ్డివామి, వంటయింట గ్యాసు పొయ్యి, గోడవెంట పాత కరెంటు తీగెలు. వీనిలో నేది రగిలినను పది సంవత్సరముల కష్టము గడియలో బూడిద యగును. ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వబూనినట్లు మనలో పలువురు అప్పుడే భీమా మాట తలచుచున్నారు. భీమా యున్నవారు సైతము తెలియక నష్టపోవుట కలదు.

వరి ప్రదర్శన క్షేత్రమును చూడబోయిన యొక గ్రామమున పెంకుటింటి రైతొకరు మాతో తమ గోడు చెప్పుకొనిరి. రాత్రివేళ తీగెలు రాజుకొని దూలములు, బీరువా, ధాన్యమమ్మిన రొక్కము కాలిపోయినవి. ఇంట శుభకార్యము దగ్గరపడుటచే మూడవనాడే వారు బొగ్గులు, బూడిద ఎత్తించి శుభ్రము చేయించిరి. పిమ్మట నష్టము చూడవచ్చిన సర్వేయరునకు వట్టి గోడలు మాత్రమే కనబడినవి. పాలసీ కాగితము బీరువాతోనే పోయినది. కోరిన దానిలో సగమైనను చేతికి రాలేదు. ప్రీమియము కట్టుటలో వారి లోపము లేదు. సాక్ష్యము నిలుపుకొనకపోవుటయే లోపము. సోదరులకు మేము చెప్పదలచినదియు నిదియే.

ముందుగా చేయవలసినది

2021 ఏప్రిల్ 1 నుండి ఇండ్లకు అగ్ని భీమా చేయు కంపెనీలన్నియు ‘భారత్ గృహ రక్ష’ యను ఒకే తీరు పాలసీ నియ్యవలెనని భీమా నియంత్రణ సంస్థ విధించినది. ఇందు అగ్నియే గాక పిడుగు, తుఫాను, వరద, భూకంపము కూడ చేరును. ఇంటిని తిరిగి కట్టుటకగు ఖర్చునకే భీమా చేయుదురు. స్థలము వెల చేరదు. సామాన్యమైన సామానులకు ఇంటి మొత్తములో నూటికి 20 వంతున, 10 లక్షల రూపాయలు మించకుండ, దానంతటనే రక్షణ కలుగును. నగలకు వేరుగ వ్రాయించుకొనవలెను. ధాన్యము, గడ్డివామి, పశువులు ఇంటి సామానులలో చేరునని తలపక ముందే అడిగి తెలిసికొనవలెను.

4 లక్షల ఇంటికి 2 లక్షలకే భీమా చేసి, 1 లక్ష నష్టపడినచో, పూర్వపు పద్ధతిలో 50 వేలే వచ్చెడివి. ఇంటి కొలతలు సత్యముగ తెలిపినచో ఈ పాలసీలో అట్టి కోత లేదు. అయినను మొత్తము నష్టమైనప్పుడు 2 లక్షలకు మించి రాదు. తాటాకు, గడ్డి, వెదురు కప్పు గల యింటిని పక్కా యిల్లని వ్రాయించుట కూడదు. అది తుదకు మనకే ముప్పు.

నిప్పు పడిన దినమున

ప్రాణములను, పశువులను కాపాడుట ప్రథమము. 101 నంబరునకు ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువవలెను. కరెంటు ఆపించనిదే లోనికి పోరాదు. అదే దినమున కంపెనీకి తెలియజేసి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలెను. అగ్నిమాపక శాఖవారి నివేదిక, పోలీసువారి కాగితము, పంచనామా నకలు పొందవలెను.

సర్వేయరు వచ్చువరకు కాలిన వస్తువులను పారవేయరాదు. ఈయన పొలము కొలుచు సర్వేయరు కాడు. నష్టమును అంచనా వేయుటకు లైసెన్సు పొందినవాడు. వర్షభయముండినచో ముందు నలువైపుల ఫొటోలు తీసి, పిమ్మట టార్పాలిను కప్పవచ్చును. వస్తువు పేరు, కొన్న సంవత్సరము, వెల వరుసగా వ్రాసి ఆయనకియ్యవలెను.

నష్టము కంటికి కనబడిన మసి మాత్రమే కాదు. సిమెంటు కప్పు గులాబి చాయకు మారినచో సుమారు 300 డిగ్రీలు మించిన వేడి తగిలెనని అనుమానింపవలెను. పెచ్చులూడి ఇనుము బయటపడినచో ఇంజనీరుచే పరీక్ష చేయింపవలెను. మంట నార్పుటకు చల్లిన నీటివలన, పొగవలన చెడిన సామానులును అగ్ని నష్టములోనివే. వానిని పట్టికలో చేర్చుట మరువరాదు.

రొక్కము సంగతి

ఇంటిలోని నోట్లకు ఈ పాలసీ వర్తింపదు. అందుచే ధాన్యమమ్మిన సొమ్మును పెట్టెలో నుంచక సంఘమునందో, బ్యాంకునందో జమ చేయుట మేలు. ఇప్పటికే కాలినచో ముక్కలను కదపక జాగ్రత్తపరచి రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసునకు కొనిపోవలెను; మిక్కిలి కాలిన నోట్లను సామాన్య బ్యాంకు శాఖలు తీసికొనవు.

కంపెనీ త్రోసిపుచ్చినచో

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. నెల దినములలో జవాబు రాకున్నను, వచ్చినది న్యాయముగ లేకున్నను, హైదరాబాదులోని భీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టుకొనవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కాని ఒక సంవత్సరము దాటనీయరాదు.

భీమా లేనివారును నిరాశ పడనక్కరలేదు. విపత్తు సహాయ నిధి నియమములలో అగ్నిప్రమాదమును చేర్చినారు. 2022-26 కాలమునకు నిర్ణయించిన ప్రకారము కాలిన గుడిసెకు 8,000 రూపాయలు. తహశీలుదారునకు వెంటనే అర్జీ నియ్యవలెను. అయితే ఆ సొమ్ముతో ఇల్లు లేవదని ఎల్లరకును తెలిసినదే.

కావున సభ్యులెల్లరు ఈ వారమే యొక పని చేయుదురు గాక. పాలసీ నకలు, ఇంటి పన్ను రశీదు, సామానుల పట్టిక, ప్రతి గది ఫొటోలు, వీని నొక సెట్టు ఇంటివెలుపల, అనగా నమ్మకమైన బంధువునొద్ద ఉంచవలెను. ఇల్లు కాలినను ఆ కాగితములు కాలకుండినచో, మరల గోడ లేపుకొనుటకు దారి యుండును.