రొయ్యల గుంటయు చిన్న వ్యాపారమే
నెల్లూరు తీరపు రైతులు గమనింపవలసిన విషయములు

వ్యాపారమనగానే పొగగొట్టములు గల కర్మాగారములును, పట్టణములలోని పెద్ద కొట్లును మన కన్నులకు గట్టును. కాని మన దేశమువంటి వర్ధమాన దేశములలో నెక్కువమందికి అన్నము పెట్టునవి యవి కావు. వెంకటగిరి నేతగాని మగ్గము, గ్రామమునందలి కమ్మరి కొలిమి, సంతలోని చిన్న యంగడి, ఇట్టివియే కోట్లకొలది కుటుంబములను పోషించుచున్నవి. మన సముద్రతీర గ్రామములలో నీ కోవకు చెందినది రొయ్యల గుంట. దానిని వ్యవసాయమని మనమెంచుచున్నాము; లెక్క చూచిన నది నిక్కముగా వ్యాపారము.

ఎట్లనగా, మొలకొలుకులు పండించిన రైతు ధర పడిపోయినప్పుడు ధాన్యమును గాదెలో నిలువచేసికొనగలడు. కొంత తానును తినును, కొంత విత్తనమునకుంచుకొనును. రొయ్యలు పెంచిన రైతున కా వెసులుబాటు లేదు. పిల్లను హేచరీలో కొనవలెను, మేతను కంపెనీయొద్ద కొనవలెను, పట్టిన రొయ్యను కొన్ని గంటలలోనే మంచులో పెట్టి తరలింపవలెను. కొనుట, అమ్ముట రెండును పరుల చేతిలోనే యున్నవి. పైరు మూడు నాలుగు నెలలది. లాభనష్టములు రెండును వేగముగానే వచ్చును.

ఈ వృత్తి మన తీరమున నెట్లు పెరిగినదో జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిది. 1990 తరువాత కండలేరు ఉప్పుటేటి పొడవునను, బకింగుహాము కాలువ చేరువనున్న గ్రామములలోను టైగరు రొయ్యల గుంటలు వేగముగా వెలసినవి. పెద్ద కంపెనీలు వచ్చినవి. చిన్న రైతులును భూములను త్రవ్వించిరి. 1994, 1995 సంవత్సరములలో తెగులు వచ్చి గుంటలకు గుంటలే తుడిచిపెట్టుకొని పోయినవి. తెల్లమచ్చ తెగులు సోకిన గుంటలో మూడు మొదలు పది దినములలో పైరంతయు చచ్చుటయు గలదు. 1996 డిసెంబరు 11వ తేదీన సుప్రీముకోర్టు, జగన్నాథను వారి వ్యాజ్యములో, సాగుభూములను ఉప్పుకొఠారులను రొయ్యల గుంటలుగా మార్చరాదని తీర్పు చెప్పినది. పిమ్మట 2005లో తీరప్రాంత జలసాగునకు ప్రత్యేక చట్టము వచ్చినది. అమెరికా ఖండపు పసిఫికు తీరమునకు చెందిన వనామీ రొయ్యను 2009లో మన దేశమున పెంచుటకు అనుమతించిరి. నేడు మన గుంటలలో నెక్కువగా నున్నది అదియే.

ఇన్ని మార్పులు వచ్చినను ఒక్కటి మారలేదు. రొయ్యల రైతులలో నత్యధికులు రెండు హెక్టార్లకు లోబడినవారే. వారి గుంటనాశ్రయించి మంచు అమ్మువాడు, వలలాగు జట్టు, యంత్రములు బాగుచేయు మేస్త్రీ, బండి తోలువాడు బ్రదుకుచున్నారు. గుంట యెండిన నందరి పొయ్యిలును చల్లారును.

ఇట్టి చిన్న వ్యాపారికి గల చిక్కులలో మొదటిది అప్పు. రొయ్యల పెంపకపు ఖర్చులో సగమునకు పైగా మేతదే. చేత సొమ్ములేని రైతు మేతను అరువు తెచ్చుకొనును. అరువిచ్చినవానికే, లేక వాడు చూపినవానికే సరకు అమ్మవలసి వచ్చును. దీని భారమెంతయో ఒక యూహాలెక్కవలన చూతము. ఒక రైతు 2,000 కిలోల రొయ్యను పట్టెననుకొందము. కిలోకు 1.4 కిలోల చొప్పున 2,800 కిలోల మేత పట్టును. రొక్కమునకు 100 రూపాయలకు వచ్చు మేత అరువునకు 106 రూపాయలైనచో, అధికముగా చెల్లించునది 16,800 రూపాయలు. కట్టుబడియుండుటచే కిలోకు 15 రూపాయలు తక్కువకు అమ్మినచో పోవునది 30,000 రూపాయలు. వెరసి 46,800 రూపాయలు. ఇది 2,80,000 రూపాయల మేతకు నాలుగు నెలలకు పడిన వడ్డీ. సాలుకు లెక్కించిన నూటికి ఏబది. మేతయంతయు మొదటి దినముననే తీసికొనడు గనుక నిజమైన వడ్డీ యింకను హెచ్చు. ఈ వడ్డీ యే పత్రముమీదను వ్రాసియుండదు. అందుచేతనే రైతునకది కనబడదు.

రెండవది తెగులు. ఒకని గుంటనుండి వదలిన నీరే మరియొకడు తోడుకొనును. తెగులు సోకినదని తెలిసియు రాత్రివేళ ఏటిలోనికి నీరు వదలినవాడు తన నష్టమును దాచుకొనజూచి ఊరినంతను ముంచుచున్నాడు. ఎంత జాగ్రత్తగల రైతైనను ఒంటరిగా దీనికి విరుగుడు చేయలేడు.

మూడవది ధర. మన రొయ్యకు పెద్ద గిరాకి అమెరికాలో నున్నది. 2025 ఆగస్టు 27వ తేదీనుండి ఆ దేశము మన సరకులపై సుంకమును నూటికి ఏబదికి పెంచినప్పుడు, ఇక్కడి కొనుగోలుదారులు ధరలు తగ్గించిరి. సుంకము వేసినది వాషింగ్టనులో. భారము దిగినది గుంటగట్టుమీద.

వీనికి మందు కలదా? కలదు, అది క్రొత్తది కాదు. మదరాసు రాజధానిలో రైతుల అప్పుల దుస్థితిని విచారించి, జర్మనీ దేశపు రైఫైజను పద్ధతిని 1895, 1897 సంవత్సరముల నివేదికలో సిఫారసు చేసిన ఫ్రెడరిక్ నికల్సను దొరగారే, తరువాత ఈ రాజధాని మత్స్యశాఖకు పునాది వేసిరి. పరపతి సంఘమునకును, చేపల వృత్తికిని ఆ దినములలోనే చుట్టరికము కుదిరినది. మనకాలమున, 2000వ సంవత్సరమున మొదలైన తెగుళ్ల నివారణ పథకముక్రింద, పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరున రైతులు సంఘముగా గూడి ఒకే పద్ధతిని పెంపకము సాగించిరి. ఆ యనుభవమునుండియే 2007లో చిన్న రైతుల సంఘములకు తోడ్పడుటకై జాతీయ సుస్థిర జలసాగు కేంద్రము ఏర్పడినది.

కావున ఒకే ఏటి నీరు వాడు రైతులందరును ఒక సంఘముగా నేర్పడవలెను. పిల్లను కలసి కొనుచు, పి.సి.ఆర్. పరీక్ష చేయించి గాని దింపరాదు. అందరును ఒక్క వారములోనే పిల్లను దింపవలెను. తెగులు కనబడినచో దాచక సంఘమునకు తెలుపవలెను. క్లోరినుతో శుద్ధిచేయక నీరు వదలరాదు. మేతను రొక్కమునకు టోకుగా కొనుటకు సంఘము పరపతి నేర్పరుపవలెను. తూకము, కౌంటు సంఘ ప్రతినిధి యెదుట జరుగవలెను. పొరుగువాని వరిమడిలోనికిగాని, మంచినీటి బావిలోనికిగాని ఉప్పు ఊరకుండ కాపాడుట సంఘ ధర్మములలో మొదటిదిగా నుండవలెను. పొరుగురైతును చెరచిన వ్యాపారము నిలువదు.

సంఘమున్నంతమాత్రముననే చాలదు. లెక్కలు మూయబడి, బాకీలు బంధువులకు మాఫీ యగుచోట సంఘము పేరునకు మాత్రమే యుండును. ప్రతి పంట ముగిసిన పిమ్మట జమాఖర్చులను సభ్యులందరియెదుట చదువవలెను. చిన్న వ్యాపారికి పెట్టుబడి తక్కువ, పలుకుబడి తక్కువ. పొరుగువాని నమ్మకమొక్కటే అతనికి సులభముగా దొరకు మూలధనము. దానిని పోగొట్టుకొనకుండుట మన చేతిలోనే యున్నది.