‘చెప్తే చేస్తాను కదా’: ఉమ్మడి పెంపకంలో అసంతృప్తి – దంపతుల చికిత్స

పిల్లల పెంపకంలో దంపతులకు కలిగే అసంతృప్తి సాధారణంగా పనుల వాటా మీద తగాదాగా బయటపడుతుంది. ఈ వాటాలో అసమానత నిజమే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, కుటుంబసభ్యుల సంరక్షణలో పాల్గొన్న స్త్రీలు దానికి రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు వెచ్చించారు. అయితే పనులు పంచుకున్న తర్వాత కూడా అసంతృప్తి మిగిలిపోవడం కద్దు. దంపతుల చికిత్స ప్రధానంగా పనిచేసేది ఈ శేషం మీదనే.

తెలుగు ఇళ్లలో తరచు వినిపించే రెండు వాక్యాలు దీని స్వరూపాన్ని పట్టిస్తాయి. “అన్నీ నేనే చెప్పాలా?” అని భార్య, “చెప్తే చేస్తాను కదా” అని భర్త. పని చేయడం వేరు, పనిని మనసులో మోయడం వేరు. సామాజికశాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019 నాటి వ్యాసంలో ఈ కనబడని శ్రమను నాలుగుగా విడదీశారు: అవసరాన్ని ముందే ఊహించడం, మార్గాలు వెతకడం, నిర్ణయించడం, అమలును కనిపెట్టి ఉండడం. చెప్పించుకుని టీకా వేయించిన తండ్రి ఈ నాలుగింటిలో దేనినీ పంచుకోకపోవచ్చు. ‘భార్యకు సాయం చేస్తాడు’ అనే మెప్పుకోలు సైతం ఆ పని ఎవరిదో ముందే తేల్చేస్తుంది.

పెద్దల పంచాయతీలో వలె చికిత్సకులు తప్పొప్పులు తేల్చరు. గొడవ జరిగిన ఒక సాయంత్రాన్ని తీసుకుని, ఏ మాటకు ఏ మాట పుట్టిందో ఇద్దరిచేతా చెప్పిస్తారు. అప్పుడు దెప్పిపొడుపు వెనుక ఒంటరితనం, మౌనం వెనుక ‘ఏం చేసినా తప్పే’ అనే నిస్పృహ బయటికి వస్తాయి. తండ్రి కట్టిన డైపరును తల్లి విప్పి మళ్లీ కట్టడం, అతడు క్రమంగా ఆ పనికి దూరం కావడం ఒకే వలయంలోని రెండు కొసలని ఇద్దరికీ తెలుస్తుంది. తర్వాతే పంపకం. అదీ పనుల పంపకం కాదు, బాధ్యతల పంపకం: టీకాలు తండ్రివైతే తేదీ గుర్తుంచుకోవడమూ అతనిదే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (బర్క్లీ)లో ఫిలిప్ కోవన్, కరొలిన్ కోవన్ దంపతులు మొదటి బిడ్డ బడిలో చేరబోతున్న తల్లిదండ్రులతో 16 వారాల బృంద సమావేశాలు నిర్వహించారు. పెంపకంపై ఎక్కువ దృష్టి పెట్టిన బృందాలలో పెంపకం మెరుగైంది గానీ దాంపత్యం కాలేదు. దాంపత్యంపై ఎక్కువ దృష్టి పెట్టిన బృందాలలో రెండూ మెరుగయ్యాయి. ఈ విషయంలో ఇంతకంటే ఆలోచింపజేసే ఫలితం అరుదు.

హింస, బెదిరింపు ఉన్న ఇంటికి మాత్రం ఈ పద్ధతి వర్తించదు. అక్కడ భర్త ఎదుట నిజం చెప్పిన భార్య, ఆ తర్వాత అతనితోనే ఇంటికి వెళ్లవలసి ఉంటుంది.